తంతే యాభై, పెంచితే ఐదు వేలు

మన దేశంలో కుక్క తాలూకు రేట్లు ఇలా ఉన్నాయి. పనికొస్తాయి, గోడకి అంటించుకోండి.

కుక్కని కర్రతో బాదినా, కాలితో తన్నినా, ఎండలో గొలుసుకి కట్టేసి గుక్కెడు నీళ్లివ్వకపోయినా మొదటి తప్పుకి జరిమానా పది రూపాయలకు తగ్గదు, యాభైకి మించదు. జంతు హింస నివారణ చట్టం, 1960, పదకొండో సెక్షను. ఆ రోజుల్లో యాభై రూపాయలంటే మాటలు కాదు, ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఎన్నో ప్రభుత్వాలు మారాయి, మన రాష్ట్రం రెండు ముక్కలైంది, రూపాయి విలువ గోదాట్లో కలిసింది. ఆ యాభై మాత్రం యాభైగానే ఉంది. చంపినా, అవిటిదాన్ని చేసినా మాత్రం వేరే లెక్క. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు. కాబట్టి తన్నేవారు ఎముక విరక్కుండా తన్నాలని మనవి.

ఇక రెండో రేటు. అదే కుక్కని ఇంట్లోకి తెచ్చుకుని, పెరుగన్నం పెట్టి, వేళకి టీకాలు వేయించి, ఈనితే రాత్రంతా పక్కన కూర్చుని, పాలు మరిచాక ఆ పిల్లల్లో రెండింటిని నలుగురికీ తెలిసిన ఇంటికి అమ్మారనుకోండి. అప్పుడు మీరు బ్రీడరు. దరఖాస్తు రుసుము ఐదు వేల రూపాయలు. అనుమతి వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఇది 2017 మే 23న కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫై చేసిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల మాట.

ఐదు వేలని యాభైతో భాగిస్తే వంద. అంటే ఒక ఇల్లాలు తన కుక్క పిల్లల్ని అమ్ముకోడానికి పెట్టుకునే దరఖాస్తు సొమ్ముతో వంద మంది తలో కుక్కనీ తన్నేసి, గరిష్ఠ జరిమానా కట్టేసి, చేతులు దులుపుకుని ఇంటికెళ్లొచ్చు. పైగా తన్నడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఫారం లేదు, తనిఖీ లేదు, రెన్యువల్ లేదు. మూగజీవాల మీద ప్రభుత్వానికి ఎంత ప్రేముందో ఇంతకన్నా తేటగా చెప్పే లెక్క నాకు దొరకలేదు.

అసలు బ్రీడరంటే ఎవరు? పది ఎకరాల్లో షెడ్లు వేసి, ఇనప బోనుల్లో వందల కుక్కల్ని కుక్కి పిల్లల్ని కాయించేవాడని మీరూ నేనూ అనుకుంటాం. నిబంధన అంత సంకుచితంగా ఆలోచించలేదు. జాతి కుక్కల్ని పెంపకానికీ అమ్మకానికీ ఉంచుకున్న వ్యక్తి ఎవరైనా బ్రీడరే. ఎన్ని కుక్కలుంటే బ్రీడరు, ఏడాదికి ఎన్ని ఈతలు దాటితే బ్రీడరు అన్న లెక్క ఆ నిర్వచనంలో లేదు. వంద కుక్కల షావుకారుకీ, ఒంటి కుక్క ఇల్లాలికీ ఒకటే ఫారం, ఒకటే ఫీజు. సమానత్వమంటే ఇది. రాజ్యాంగం రాసినవాళ్లకి కూడా తట్టని సమానత్వం.

ఫీజు కట్టారు. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు తరఫున వచ్చి మీ ఇల్లు చూసి వెళతారు. నచ్చితే రిజిస్ట్రేషన్ ఇస్తారు. అది రెండేళ్లే. ఆ కాగితం అందరికీ కనబడేలా గోడకి తగిలించాలి. ఏ కుక్క ఎప్పుడు కట్టింది, ఎన్ని పిల్లలు పెట్టింది, అందులో ఎన్ని బతికాయి, ఎవరికి అమ్మారు, అన్నీ రికార్డు రాయాలి. ఏడాది తిరిగేసరికి అమ్మినవి, మార్చుకున్నవి, ఊరికే ఇచ్చినవి లెక్కగట్టి నివేదిక పంపాలి. ఊరికే ఇచ్చిన కుక్కపిల్లకి కూడా లెక్కుంది, గమనించండి. ఎన్నికల్లో ఊరికే ఇచ్చే వాటికి ఇంత కచ్చితమైన లెక్క ఉండుంటే ఈ రాష్ట్రానికి అప్పులుండేవి కావు.

అన్నిటికన్నా నాకు నచ్చింది పెళ్లి నిబంధన. కుక్కని దాటించడానికి కనీసం పది రోజుల ముందు అది ఆరోగ్యంగా ఉందని పశువైద్యుడి చేత ధ్రువీకరణ తెచ్చుకోవాలి. మన మనుషుల పెళ్లిళ్లలో జాతకాలు చూస్తారు, కట్నం చూస్తారు, అమెరికా వీసా చూస్తారు, ఆరోగ్య పత్రం మాత్రం ఎవరూ అడగరు. కుక్కలు మనకన్నా ముందున్నాయి, సంతోషం. కానీ ఒక చిక్కుంది. కుక్కలు పెంచేవాళ్లకు తెలిసిన సంగతేమిటంటే, ఎద మొదలైన తొమ్మిది పది రోజుల తర్వాతే ఆడకుక్క కట్టడానికి సిద్ధమవుతుంది. ఆ అదును కొద్ది రోజులే. అంటే ఎద వచ్చాక చూద్దామనుకుంటే మొదటి చుక్క కనబడ్డ రోజే పరుగెత్తాలి. ఆ రోజు ఆదివారమో, డాక్టరు గారు క్యాంపులోనో అయితే ముహూర్తం దాటిపోయినట్టే. మళ్లీ ఆరు నెలలకి చూసుకోవాలి. ఈ నిబంధన రాసినవారు చట్టం చదువుకున్నారు, సందేహం లేదు. కుక్క దగ్గర మాత్రం చదువుకోలేదు.

తనిఖీ ఎలా ఉంటుందో ఊహించుకుందాం. రాజమండ్రి దానవాయిపేటలో ఒక పాత డాబా ఇల్లు. ఫైలు పట్టుకుని ఇద్దరు వచ్చారు. తలుపు తీసింది అరవై దాటిన పెద్దావిడ.

“అమ్మా, ఇక్కడ బ్రీడింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఉందని సమాచారం.”

“అదేంటో తెలీదు గానీ బాబూ, పెరడుంది. లోపలికి రండి. కాఫీ పెట్టమంటారా?”

“కుక్కలెన్ని?”

“చిన్ని ఒక్కతేనండి. పిల్లలు అయిదు. రెండు మా అక్కగారి కోడలికి చెప్పేశాం. ఒకటి పాలబ్బాయి అడిగాడు.”

“ఈనడానికి ప్రత్యేకంగా గది ఉండాలి కదా?”

“మా వారి రాతబల్ల కిందే ఈనిందండి. ఆయన నెల్లాళ్లుగా మంచం మీద కూర్చుని రాసుకుంటున్నారు.”

“సిబ్బంది ఎంతమంది?”

“నేనే.”

“రికార్డులు?”

“పాల లెక్క రాసే డైరీ ఉంది. అందులోనే టీకాల తేదీలు కూడా వేశాను.”

“దాటించే ముందు ఆరోగ్య ధ్రువపత్రం తీసుకున్నారా? పది రోజుల ముందు తేదీ ఉండాలి.”

“ఎదకొచ్చాకే కదా బాబూ ఎదకొచ్చిందని తెలిసేది!”

మొదటి ఆయన రాసుకున్నాడు. రెండో ఆయన బల్ల కిందికి వంగి చాలాసేపు చూశాడు. ఫైలు మూస్తూ గొంతు తగ్గించి అడిగాడు: “ఆ తెల్లమచ్చది ఎవరికైనా మాటిచ్చారా అండీ? మా పాప రోజూ ప్రాణం తీస్తోంది. ఇప్పుడే పట్టుకెళ్తాను.”

“ఎనిమిది వారాలు నిండాలి నాయనా. మీ కాగితంలోనే ఉందిగా!”

నా వాదనంతా ఆ పెద్దావిడ చివరి మాటలో ఉంది. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లని అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు రాకుండా ఆడకుక్కని కట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈతకు మించకూడదు, జన్మంతా కలిపి అయిదుకి మించకూడదు. ఇవన్నీ ఆ 2017 నిబంధనల్లో ఉన్నాయి. అన్నీ మంచి మాటలే. వీటిలో ఒక్కటి కూడా ప్రభుత్వం కనిపెట్టింది కాదు. కుక్కని ఇంటి మనిషిలా చూసుకునే ప్రతి ఇంట్లోనూ ఇవి ముందునుంచీ ఉన్నాయి. వీటిని చట్టంగా పెట్టి, మీరినవాడి వీపు పగలగొట్టండి, మేం చప్పట్లు కొడతాం. నా గొడవంతా ముందస్తు అనుమతితో. తప్పు చేసినవాణ్ని పట్టుకుని శిక్షించడం ఒక పని. ఏ తప్పూ చేయనివాళ్లందర్నీ వరసలో నిలబెట్టి, “మేం తప్పు చేయబోవడం లేదు” అని ఐదు వేలు కట్టి రాసిమ్మనడం ఇంకో పని. మొదటిది కష్టం, పోలీసులు కావాలి, డాక్టర్లు కావాలి, కోర్టుకి తిరగాలి. రెండోదానికి ఒక రబ్బరు స్టాంపు చాలు. మన ప్రభుత్వాలు రెండోదాన్ని ఎంచుకున్నాయంటే ఆశ్చర్యమేముంది?

కష్టమైన పని మాటొచ్చింది కాబట్టి, సంక్రాంతికి మా గోదావరి జిల్లాలకు దయచేయండి. భీమవరం చుట్టుపక్కల, ఉండి, ఆకివీడు, అటు కోనసీమ, ఎటు చూసినా కోడిపందేల బరులే. కొబ్బరితోటల మధ్య టెంట్లు, ఫ్లడ్ లైట్లు, పెద్ద పెద్ద తెరలు, కార్ల పార్కింగుకి వేరే పొలం. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అని పేర్లు పెట్టి, బాదంపప్పు, ఖైమా పెట్టి మేపిన పుంజుల కాళ్లకి కత్తులు కట్టి వదులుతారు. మూడు రోజుల్లో చేతులు మారిన సొమ్ము పేపర్లు ఏటా కోట్లలో లెక్కేస్తాయి. జంతువుల్ని పోరుకి ఉసిగొల్పడం, ఆ పోరుకి చోటివ్వడం ఆ 1960 చట్టం కిందే నేరం. పందెం కాయడం 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద నేరం. ఈ పందాలు ఆపి తీరాలని ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరు 26న చెప్పింది. ఆ తర్వాత ఎన్ని సంక్రాంతులు వచ్చాయో, ఎన్ని బరులు వెలిశాయో మీకూ తెలుసు. ముందు రోజు దాకా “ఉక్కుపాదం” అన్న ప్రకటన వస్తుంది. పండగ రోజు ఆ ఉక్కుపాదానికి తిమ్మిరెక్కుతుంది.

ఇందులో నాకు అర్థం కానిది చూపు సంగతి. వేలమంది జనం, మైకులు, లైట్లు, బిర్యానీ స్టాళ్లు ఉన్న కోడిపందెం కనబడని కంటికి, రాతబల్ల కింద పాలు తాగుతున్న అయిదు కుక్కపిల్లలు కనబడతాయి. ఇది మామూలు కళ్లకి సాధ్యం కాదు. ప్రభుత్వ నేత్ర వైద్యులు ఈ జబ్బు మీద పరిశోధన చేస్తే నోబెల్ రావచ్చు.

ఇంటి కుక్కని వదిలి వీధిలోకి వద్దాం. అక్కడి కుక్కకి పద్దెనిమిది నెలల నియమం లేదు, ఏడాదికి ఒక్క ఈతన్న నియమం లేదు, పది రోజుల ముందు ధ్రువపత్రం అంతకన్నా లేదు. వాటికి కుటుంబ నియంత్రణ చేయించి, టీకా వేయించే బాధ్యత స్థానిక సంస్థలదేనని 2023 జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. ఆ బాధ్యత ఎంత బాగా నడిచిందంటే, వీధి కుక్కల సంగతి చివరికి సుప్రీంకోర్టుకి చేరింది. ఢిల్లీ ప్రాంతం కుక్కల్ని పట్టి షెల్టర్లలో పెట్టమని 2025 ఆగస్టు 11న ఒక ఉత్తర్వు వచ్చింది. సర్జరీ, టీకా అయినవాటిని తిరిగి వాటి చోట్లోనే వదలమని ఆగస్టు 22న దాన్ని మార్చారు. తన వీధిలోని కుక్కల సంతానాన్ని ఆపలేని వ్యవస్థ, మన పెరట్లోని కుక్క సంతానానికి లెక్క అడుగుతోంది. ఆపలేకపోయినవాళ్లకి అడిగే హక్కు ఎలా వచ్చిందో, అది మాత్రం ఎవరూ అడక్కూడదు.

కేంద్రమే ఇలా చేస్తుంటే మన రాష్ట్రం ఊరుకుంటుందా? 2020 డిసెంబరులో పంచాయతీల్లో పెంపుడు కుక్కలకీ పందులకీ లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చారు. లైసెన్సు లేకపోతే ₹500 జరిమానా, ఆ పైన రోజుకి ₹250 అపరాధ రుసుము. ఆ సంవత్సరం మన రాష్ట్రంలో ఉపాధి హామీ పథకం కింద రోజు కూలి ₹237. అంటే కోనసీమ ఎండలో రోజంతా చెరువు పూడిక తీసిన మనిషి సంపాదన, లైసెన్సు లేని అతని కుక్క ఆ రోజు చేసిన అపరాధం కంటే పదమూడు రూపాయలు తక్కువ. ఆయన పని చేస్తున్నాడు, కుక్క గుమ్మంలో పడుకుంది. అయినా కుక్కే పై రేటు.

పక్షుల సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 2024 ఫిబ్రవరి 28న వన్యప్రాణి చట్టం కింద కొత్త నిబంధనలు వచ్చాయి. వన్యజీవుల వర్తకం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం పట్టికల్లోని విదేశీ జీవాలు ఇంట్లో ఉంటే ఆరు నెలల్లోగా ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి. ఆ తర్వాత గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చినా, పక్షి చచ్చిపోయినా, చేతులు మారినా ప్రభుత్వానికి తెలియాలి. అడవుల్లో పట్టుకొచ్చే దొంగ రవాణాని ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఇంటి బాల్కనీ నుంచి ఆ పట్టికని చూడండి. మనం అందరం లవ్ బర్డ్స్ అని పిలుచుకునే బడ్జీలకు నమోదు అక్కర్లేదు. కాకటీల్‌కి అక్కర్లేదు. గులాబీ మొహం లవ్ బర్డుకి కూడా అక్కర్లేదు. దాని పక్క బోనులో, కంటి చుట్టూ తెల్ల వలయం ఉన్న ఫిషర్స్ లవ్ బర్డుకి మాత్రం కావాలి. ఆ వలయమే దాని కొంప ముంచింది. పోర్టలంటే ఏమిటో తెలీని పదో తరగతి పిల్లాడు, పుట్టినరోజుకి మేనమామ కొనిచ్చిన జత పక్షుల్ని పెంచుతూ, తనకి తెలియకుండానే అటవీ శాఖతో వ్యవహారంలోకి దిగిపోయాడు.

ఇవన్నీ ఆలోచించి, నలుగుర్నీ అడిగి చేసిన నియమాలని అనుకునే అమాయకులు ఇంకా ఉంటే ఈ చరిత్ర వినండి. 2017 మే 23న కుక్కల నిబంధనలతో పాటే పశువుల సంతల నిబంధనలూ వచ్చాయి, అక్వేరియం నిబంధనలూ వచ్చాయి. సంతల నిబంధనలకి మద్రాసు హైకోర్టు మదురై బెంచి అడ్డుకట్ట వేసింది. ఆ స్టే దేశమంతటికీ వర్తిస్తుందని 2017 జూలై 11న సుప్రీంకోర్టు తేల్చింది. గాజు గిన్నెలో చేపని ఉంచడాన్ని కూడా నేరం చేసిన అక్వేరియం నిబంధనలని తర్వాత కేంద్రమే వెనక్కి తీసుకుంది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ ఇరవై మూడు రకాల క్రూరమైన కుక్కల జాబితా విడుదల చేసి, వాటి పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. ఆ జాబితాలో తోసా కుక్క పేరు రెండు చోట్ల కనబడుతుంది. రెండు రెట్లు క్రూరమని కాబోలు. “టెరియర్లు” అని గంపగుత్తగా కూడా రాశారు. దాంతో ఒళ్లో కూర్చోబెట్టుకునే అరచేయంత యార్క్‌షైర్ టెరియర్ కూడా నరభక్షకుల వరసలో చేరింది. నెల తిరక్కముందే, ఏప్రిల్ 10న, సంబంధించినవాళ్లని ఎవర్నీ సంప్రదించలేదని కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తరాన్ని కొట్టేసింది. ఒకే ఇంటి నుంచి వచ్చిన ఇన్ని కాగితాలు ఇలా వీగిపోతుంటే, మిగిలిన కాగితాన్ని వేదవాక్కని నమ్మమంటే ఎలా?

లైసెన్సుల జబ్బు మనకి కొత్తది కాదు. రేడియో వినడానికి పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. సైకిలుకి మునిసిపాలిటీ బిళ్ల లేకపోతే ఆపి గాలి తీసేసిన రోజులు వాళ్లకి గుర్తే. రేడియో లైసెన్సు 1980ల్లో పోయింది. దాంతో ఆకాశవాణి మూతపడలేదు. సైకిలు బిళ్ల పోయింది. దాంతో ప్రమాదాలు పెరగలేదు. 1991 జూలై 24న, మన తెలుగువాడు పీవీ నరసింహారావు ప్రధానిగా ఉండగా వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం పద్దెనిమిది పరిశ్రమలకు తప్ప మిగతా అన్నిటికీ లైసెన్సు ఎత్తేసింది. మద్యం, సిగరెట్లు, పేలుడు పదార్థాల లాంటివి ఆ మినహాయింపులో మిగిలాయి. ఉక్కు కర్మాగారం పెట్టుకోడానికి ఆ లైసెన్సు అక్కర్లేకపోయింది. ముప్పై మూడేళ్లు తిరిగేసరికి లవ్ బర్డు పిల్ల పుట్టినా ప్రభుత్వానికి చెప్పుకోవాల్సి వచ్చింది. తలుపులోంచి వెళ్లగొట్టిన లైసెన్సు రాజ్యం పెరటి గోడ దూకి కుక్కల బోనులో దాక్కుంది.

“మరి దుర్మార్గులైన బ్రీడర్ల మాటేమిటి?” అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. అట్ట పెట్టెలకి బెజ్జాలు కొట్టి, పాలు మరవని నెల పిల్లల్ని రాత్రి బస్సుల్లో పంపేవాళ్లు ఉన్నారు. ఒకే ఆడకుక్కని ఎద వచ్చినప్పుడల్లా కట్టించి, ఒళ్లు గుల్లయ్యాక రోడ్డు మీద వదిలేసేవాళ్లు ఉన్నారు. వాళ్లని జైల్లో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. కానీ అలాంటివాడికి ఇంటి చిరునామా ఉండదు, ఫోను నంబరుంటుంది. బోర్డు ఉండదు, వాట్సాప్ గ్రూపుంటుంది. రిజిస్ట్రేషన్ వాడిని ఎక్కడ పట్టుకుంటుంది? ఒకవేళ పెద్ద వ్యాపారి అయితే, ఐదు వేలు వాడికి ఒక లెక్క కాదు. కట్టేస్తాడు. ఇద్దరు గుమాస్తాలని పెట్టి రికార్డులు అద్దంలా రాయిస్తాడు. ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గల్లాపెట్టె వెనక తగిలిస్తాడు. “ప్రభుత్వ గుర్తింపు పొందిన” అని బోర్డు రాయిస్తాడు. ఇక వాడి బోనుల్లోకి తొంగిచూడమని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఆ కాగితమే వాడికి కవచం. మిగిలింది ఎవరు? చిరునామా ఉండి, గేటు మీద పేరుండి, అబద్ధం చెప్పడం చేతకాని రిటైర్డ్ మేస్టారూ, దానవాయిపేట పెద్దావిడా. వాళ్లు భయపడి మానేస్తారు. వాళ్లు మానేసిన చోటల్లా ఆ అట్టపెట్టె వాడికి బేరం పెరుగుతుంది. ఇలాంటి నిబంధనతో జంతు హింసని దాటాలనుకోవడం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే.

లైసెన్సు పెట్టిన దేశాలు కూడా ఇంత గుడ్డిగా పెట్టలేదు. ఇంగ్లండులో 2018 నిబంధనల ప్రకారం, వ్యాపారంగా నడపకపోతే, పన్నెండు నెలల్లో మూడు ఈతలకు తక్కువైన ఇంటికి బ్రీడింగ్ లైసెన్సు అక్కర్లేదు. అమెరికాలో ఈనే ఆడ జంతువులు నాలుగుకి మించకుండా ఉండి, తన దగ్గర పుట్టినవాటినే అమ్ముకునేవారికి కేంద్ర లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. అభిరుచికీ వ్యాపారానికీ మధ్య ఒక గీత ఉంటుందని వాళ్లు గుర్తించారు. ప్రతిదానికీ అమెరికాని చూసి నేర్చుకునే మనం ఆ గీత దగ్గర మాత్రం కళ్లు మూసుకున్నాం.

అసలు ఈ అభిరుచి గలవాళ్లు లేకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. అంతరించిపోతోందని చేతులెత్తేసిన పుంగనూరు పొట్టి ఆవు పలమనేరు పరిశోధన కేంద్రంతో పాటు ఎవరి పెరళ్లలో నిలబడింది? పాలు కాసినే ఇచ్చినా, ముచ్చటపడి కట్టేసుకున్నవాళ్ల ఇళ్లలో. గోదావరి జిల్లాల్లో ఆ పొట్టి ఆవుల్ని అపురూపంగా పెంచేవాళ్లున్నారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో వాటికి మేత తినిపిస్తే దేశమంతా మురిసిపోయింది. అదే ప్రధాని 2020 ఆగస్టు 30న మన్ కీ బాత్‌లో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ లాంటి దేశీ కుక్కల్ని పెంచుకోమని దేశానికి చెప్పారు. పెంచమన్నది ఆగస్టులో. రోజుకి ₹250 అని మన రాష్ట్రం అన్నది డిసెంబరులో. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. జాతిని నిలబెట్టేది ఫారాలు నింపేవాడు కాదు, తెల్లవారుజామున మూడింటికి లేచి బలహీనమైన పిల్లకి సీసాతో పాలు పట్టేవాడు. ఆ మనిషికి ఏ ప్రభుత్వమూ జీతమివ్వదు. కనీసం జరిమానా వేయకుండా ఉండొచ్చు.

రాజ్యానికి ఎదురు మాట అనడం మా ఊరికి కొత్త కాదు. 1874లోనే వివేకవర్ధని పత్రిక పెట్టి అధికారుల లంచగొండితనాన్ని ఉతికి ఆరేసిన కందుకూరి వీరేశలింగం గారి రాజమండ్రి ఇది. కాబట్టి అడగాల్సింది సూటిగానే అడుగుతాను.

ఒకటి, 1960 నాటి ఆ యాభై రూపాయల జరిమానాని నేటి రూపాయల్లోకి మార్చండి. తన్నినవాడికి ఐదు వేలు వేయండి, పెంచినవాడి దగ్గర యాభై కూడా అడక్కండి. రెండు, ఎనిమిది వారాలు, పద్దెనిమిది నెలలు, ఏడాదికి ఒక్క ఈత అన్న నియమాల్ని అందరికీ వర్తించే చట్టంగా ఉంచి, మీరినవాడిని శిక్షించండి. మూడు, రెండు మూడు కుక్కలున్న ఇంటిని బ్రీడరు నిర్వచనం నుంచి తీసేయండి. గీత ఎక్కడ గీయాలో పెంచేవాళ్లని కూర్చోబెట్టుకుని తేల్చండి. నాలుగు, తనిఖీకి పంపే సిబ్బంది నిజంగా ఉంటే, ముందు వాళ్లని వచ్చే సంక్రాంతికి భీమవరం పంపండి. అక్కడ పని తప్పక దొరుకుతుంది.

ఇక చదివేవారికి ఒక మాట. కుక్కపిల్ల కావాలనుకుంటే ఆ ఇంటికి మీరే వెళ్లండి. తల్లిని చూపించమనండి. పిల్లకి ఎనిమిది వారాలు నిండాయా, టీకాలు వేయించారా అని అడగండి. తల్లిని చూపించనివాడి దగ్గర, బస్సులో పార్సిలు పంపుతానన్నవాడి దగ్గర ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. మీరు కొనకపోతే వాడి దుకాణం నెలలో మూతపడుతుంది. ఆ పని ఐదు వేల ఫారం ఇన్నేళ్లలో చేయలేకపోయింది.